దమ్ము పెంచిన ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఉర్దూ భాషకూ తెలుగు భాషకూ ఉమ్మడి ఆస్తియైన పదములు మన ఏలూరు వీధులలో కొల్లలుగా వినవచ్చును. వానిలో దమ్ము అన్నది ఒకటి. ఉర్దూలో దమ్ అనగా ఊపిరి. తెలుగునకు వలస వచ్చిన పిదప ఆ చిన్నమాట ఓపిక, ధైర్యము, సత్తువ అను అర్థములను కూడ సంపాదించుకొన్నది. కొల్లేటి లంకగ్రామముల నుండి మా కళాశాలకు వచ్చే కుర్రవాడు ఉదయమంతా దోనెకు గెడ వేసి, ఆ తరువాత తరగతిలో నిద్రపోక కూర్చుండగలిగినచో వానిని దమ్మున్నవాడని మెచ్చుకొంటాము. అట్టి దమ్మును పెంచుటయే తన జీవితవృత్తిగా చేసుకొన్న ఒక బడిపంతులుగారి చరిత్రను ఈ సంచికలో చదువరుల ముందుంచ దలచినాము.

అమెరికా దేశపు విశ్వవిద్యాలయములలో ఫుట్‌బాలు జట్టునకు ఆట నేర్పే శిక్షకుడు వేరు, దేహదారుఢ్యమును కలిగించే శిక్షకుడు వేరు. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయము వారు బాయిడ్ ఎప్లీ అను యువకుని ఈ రెండవ పనికై నియమించినారు. అది మొదలు ఆ దేశమున ఆ ఉద్యోగమునకొక గుర్తింపు, ఒక శాస్త్రము, 1978లో ఒక సంఘము కూడ ఏర్పడినవి. వారి ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదని విద్యార్థులెరిగినదే. బంతిని చేతబట్టి, భుజములతో ఢీకొనుచు ముందుకు సాగే ఆట అది. అందుకు బరువులెత్తి కండలు పెంచవలెను. కాలితో ఆడే మన ఆటకు కావలసిన బలము వేరు జాతిది. ఆ బలమేమిటో, దానిని బీదదేశపు బక్కపలుచని దేహములలో ఎట్లు పుట్టించవలెనో, నెబ్రాస్కా నియామకమునకు పాతికేండ్లు ముందే తెలుసుకొని ఆచరణలో పెట్టినవాడు మన హైదరాబాదులో ఒకడుండెను. ఆయనకు ఇనుప బరువుల గదులు లేవు. ఆట నేర్పే పనీ, ఊపిరి పెంచే పనీ, ఆటగాని మనసు కుదుటపరచే పనీ ఆయనొక్కనివే. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాహెబు.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. ఉర్దూ భాషలో ఉన్నతవిద్యను బోధించుట ఆనాడు దాని ప్రత్యేకత. భారతీయ భాష బోధనాభాషగా గల ఆ విశ్వవిద్యాలయమున రహీం సాహెబు చదివి, 1920ల చివరి సంవత్సరములలో దాని ఫుట్‌బాలు జట్టున ఆడినారు. విశ్వవిద్యాలయపు పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ కలసిన ఎలెవెన్ హంటర్స్ అను జట్టు ఆయన నాయకత్వమున పేరు పొందినది. అనంతరము స్థానిక పోటీలలో గట్టిదని పేరున్న కమర్ క్లబ్బు తరఫున కూడ ఆడినారు. ఆటగానిగా ఆయన ఖ్యాతి నగరపు పొలిమేర దాటలేదు. ఆ విషయమును దాచవలసిన పని లేదు. గొప్పగా ఆడినవారందరూ గొప్పగా నేర్పలేరు. నేర్పుట మరొక విద్య.

ఆ విద్య ఆయనకు బడిలో అబ్బినది. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల – ఈ క్రమములో ఆయన ఉపాధ్యాయవృత్తి సాగినది. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పుచ్చుకొని, చివరి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యతను తామే స్వీకరించినారు. పాఠశాలలలో డ్రిల్లు మాస్టారికి దక్కే మర్యాద యెంతటిదో మేము వేరుగా వర్ణించ నక్కరలేదు. ఉపాధ్యాయుల గదిలో కడపటి కుర్చీ ఆయనది. లెక్కల మాస్టారు సెలవు పెట్టిన దినమున పిల్లలను అదుపులో ఉంచే పని ఆయనది. పరీక్షలు సమీపించగానే ఆయన పీరియడును తక్కిన అయ్యవారలు పంచుకొందురు. చదివించే పంతులుగా ఆరంభమైన మనిషి కోరి ఆ కుర్చీలోనికి మారినాడన్నచో, దేహమును తీర్చిదిద్దుట కూడ చదువేనని ఆయన నమ్మినాడన్నమాట.

బడిపిల్లలతో మొదలిడుటచే రహీం సాహెబునకొక మేలు కలిగినది. ఎదిగిన ఆటగాని అలవాట్లను మాన్పుట కష్టము. పసివాని కాలికి యేది నేర్పిన అది నిలిచిపోవును. ఆయన ప్రోత్సాహమున హైదరాబాదులో జరిగిన పోటీల తీరు వినుటకే వింతగా నుండును. కొన్ని పోటీలలో బంతిని కాలితో దొర్లించుకొనుచు ఎదుటివారిని తప్పించుకొనిపోవుట నిషిద్ధము. బంతి వచ్చిన వెంటనే మరియొకనికి అందించి తీరవలెను. కొన్నిటిలో కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే ఆడవలెను. మరికొన్నిటిలో ఇంత ఎత్తు మించినవారికి ప్రవేశము లేదు. పొట్టి పిల్లలకు కూడ ఆటలో చోటు దొరకవలెనని ఈ చివరి నియమము.

పైకి ఇవి పిల్లల వేడుకలవలె కనబడును. లోతుగా చూచినచో ఇది యొక దేహశాస్త్రము. తొంబది నిమిషముల ఆటలో ఫుట్‌బాలు ఆటగాడు సుమారు 10 కిలోమీటర్ల దూరము తిరుగును. ఆ దూరమంతయు ఒకే వేగమున పరుగెత్తడు. నడచును, నిలుచును, తటాలున మెరుపువలె ఇరువది గజములు ఉరుకును, మరల నిలుచును. ఈ ఉరుకులే ఊపిరిని పీల్చివేయును. బంతిని తన కాళ్లయొద్దనే పెట్టుకొని ముగ్గురిని తప్పించ జూచువాడు ఆ మూడు నిమిషములలో పది నిమిషముల దమ్మును ఖర్చు చేయును. వెంటనే అందించువాడు బంతిచేత పరుగు పెట్టించి తాను నిలిచియుండును. బంతికి ఆయాసము లేదు గదా. రెండు కాళ్లు సమముగా వాడగలవాడు వాటము కుదుర్చుకొనుటకు అడుగు వెనుకకు వేయ నక్కరలేదు. ఆ ఒక్క అడుగు దినమునకు నూరుసార్లు మిగిలినచో, అది కూడబెట్టిన ధనమువంటిది. దమ్మును పెంచుట ఒక ఎత్తు, ఉన్న దమ్మును వృథా పోనీయకుండుట మరొక ఎత్తు. రహీం సాహెబు రెండింటినీ కలిపి నేర్పినారు. మాంసము, పాలు, గుడ్లు నిత్యము దొరకని ఇండ్ల నుండి వచ్చిన బాలురకు దీనికంటె తగిన వ్యాయామశాస్త్రము లేదని మా అభిప్రాయము.

మా ఊరి తివాచీ నేతగాండ్రను ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ముడి వెనుక ముడి, వరుస వెనుక వరుస. ఒక్క ముడిలో అందము లేదు. వేలకొలది ముడులు పడిన తరువాత గాని పువ్వు కనబడదు. మైదానమున ఎడమకాలితో గోడకు బంతిని వేయి పర్యాయములు కొట్టించుట కూడ అట్టి పనియే. చూచువారికి విసుగు, చేయువానికి మరీ విసుగు. చేయించువానికి మాత్రము పువ్వు ముందే కనబడుచుండవలెను.

1940వ దశకము ఆరంభముననే రహీం సాహెబు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, తుదిశ్వాస వరకు ఆ బాధ్యతను మోసినారు. హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన చేతిలో రూపు దిద్దుకొన్నది. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున విలీనమైనది. నగరము కల్లోలము నుండి అప్పుడప్పుడే తేరుకొనుచున్నది. ఆ దినములలో, 1950లో, ఈ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పును గెలిచినది. అదే యేట డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించినది. రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు మరొకరికి విడువలేదు. డ్యూరాండ్ కప్పును 1954లోను, 1957లోను మరల సాధించినది. ఆంధ్ర పోలీసు అను పేరున 1961లో ఇంకొకసారి. సంతోష్ ట్రోఫీ జాతీయ పోటీలలో 1956-57, 1957-58 సంవత్సరములు రెండింటను హైదరాబాదే విజేత. నూర్ మహమ్మదు, అజీజుద్దీను వంటివారి పేర్లు ఆనాటి బాలురకు నోటికి వచ్చుచుండెడివి. సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాముని పందొమ్మిది, ఇరువది ఏండ్ల ప్రాయముననే పట్టుకొని ఒలింపిక్ జట్టునకు చేర్చిన చూపు కూడ రహీం సాహెబుదే. బలరాముడు 2023 ఫిబ్రవరిలో బెంగాలు దేశమున కన్నుమూసినారు. ఆయన తలిదండ్రుల భాష తమిళము, పుట్టిన ఊరు హైదరాబాదు రాజ్యము, కీర్తి గడించినది కలకత్తా. ఇటువంటివారికి మతమేది, భాషయేది, ప్రాంతమేది అని గురువు అడుగలేదు. కాలేది, ఊపిరేది అని మాత్రమే చూచినారు.

1951 మార్చిలో కొత్తఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. రహీం సాహెబు శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండోనేసియాను, ఆఫ్ఘనిస్థానమును ఓడించి, తుదిపోటీలో ఇరానును సాహూ మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో జయించి స్వర్ణము పొందినది. దేశమంతా సంబరపడినది. ఆ సంబరము ఏడాదిన్నర కూడ నిలువలేదు.

1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును పదింటికి ఒకటిగా ఓడించినది. ఈ సంఖ్యను చెప్పక దాటవేయువారు కలరు. మేమట్లు చేయము. ఫిన్లండు దేశపు చలిలో, తడిసిన పచ్చికపై మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేక ఆడినారు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో వట్టికాళ్లతో ఫ్రాన్సును వణికించినామని గొప్పగా చెప్పుకొన్న దేశము మనది. ఆ గొప్ప ఈ యేడు మంచుగడ్డయై కాలికి తగిలినది. వట్టికాళ్ల ఆట మన వేగమునకు మూలమన్న నమ్మకము కేవలము నమ్మకమే. బూటు కొనలేని దారిద్ర్యమునకు మనము తొడిగిన అందమైన చొక్కా అది. ఈ మాట అనుటకు మాకు కొంత అర్హత కలదు. కొల్లేటి గట్లమీద బురదలో నడచిన పాదము బలమైనదే. వ్రేళ్లు విడివిడిగా నేలను పట్టును, మడమ జారదు. ఆ పాదమునకు బూటు తొడిగిననాడు కుర్రవాడు వారము దినములు కుంటును. నేర్చిన పట్టంతా మరచి కొత్తగా నడక నేర్వవలెను. మా క్రీడారంగమున ప్రతి సంవత్సరము దీనిని కండ్లార చూచుచున్నాము. రహీం సాహెబు ఎదుట నిలిచిన ప్రశ్న ఇదే. దేశమునకంతకు కొత్తగా నడక నేర్పవలెను.

హెల్సింకీ పిదప బూట్లు తప్పనిసరియైనవి. కాని బూట్ల కంటె పెద్ద కొరత మరియొకటున్నది. ఆ కాలమున మన దేశపు పోటీలు సాధారణముగా 70 నిమిషములకే ముగిసెడివి. ఒలింపిక్ క్రీడలలో ఆట 90 నిమిషములు. ఏడాది పొడుగున డెబ్బది నిమిషములకు అలవాటుపడిన గుండె చివరి ఇరువది నిమిషములలో ఏమి చేయవలెనో తెలియక తడబడును. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేసిన విమానాల రన్‌వేపై పరుగు తీసిన కుర్రవాండ్రకిది తేలికగా బోధపడును. తాను నిత్యము తిరిగి వచ్చే గుర్తు దాటి నాలుగడుగులు వేయగానే దేహము ఎదురు తిరుగును. కాళ్లకంటె ముందు మనసు నిలిచిపోవును. ఆ నాలుగడుగులు ఓర్పించుటయే శిక్షకుని పని. రహీం సాహెబు శిబిరములలో కఠినమైన క్రమశిక్షణ, ఊపిరి నిలుపుకొనుటకు ఎడతెగని సాధన, విడువక చిన్న చిన్న అందింపులు. ఇవి లేని దినముండెడిది కాదు.

మరియొక సంగతి. రహీం సాహెబు లోకమును చదువుచుండిన ఉపాధ్యాయుడు. 1953 నవంబరులో హంగరీ జట్టు లండనులో ఇంగ్లండును ఆరింటికి మూడుగా ఓడించినది. మధ్య దాడివాడు ముందు నిలువక వెనుకకు జారి ఆడుట ఆ విజయమునకు కీలకము. కాపలాదారుడు ఎవనిని వెంబడించవలెనో తెలియక అయోమయమున పడును. ఈ కిటుకును రహీం సాహెబు మన జట్టునకు పట్టించినారు. బలమైన భుజములతో ఢీకొనలేనివాడు ఢీకొనవలసిన చోట లేకుండుట మేలు గదా. దేహపు లోటును బుద్ధితో పూడ్చుట అని దీనిని చెప్పవచ్చును.

ఫలితము 1956లో మెల్‌బోర్న్ నగరమున కనబడినది. తొలి దశలో హంగరీ తప్పుకొన్నది. పిమ్మట ఆతిథేయ ఆస్ట్రేలియాను మనవారు నాలుగింటికి రెండుగా ఓడించినారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టినాడు. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒకే ఆటలో మూడు గోలులు కొట్టిన తొలి ఆసియావాసి ఆయనయే. సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశము మనది. అచ్చట ఎదురైనది మరల యుగోస్లావియా. నాలుగేండ్ల క్రిందట పది గోలులు కొట్టిన ఆ దేశముపైన విరామము తరువాత తొలి గోలు మనవారిది! ఆ ఆధిక్యము నిలువలేదు. నాలుగింటికి ఒకటిగా ఓడినాము. కంచు పతకమునకై జరిగిన ఆటలో బల్గేరియా మూడు గోలులతో గెలిచినది. నాలుగవ స్థానము. పతకము రాలేదు గనుక మన పాఠ్యపుస్తకములలో ఆ సంవత్సరమునకు చోటు లేదు. పదింటికి ఒకటి నుండి నాలుగింటికి ఒకటి వరకు, అదియును ముందంజలో నుండి – ఈ నడుమ దూరమును కొలిచే కొలబద్ద పతకము కానేరదు. ఆ జట్టున నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను, బలరాముడు, హైదరాబాదున పుట్టిన గోలుకీపరు పీటర్ తంగరాజు ఉండిరి. ఆ నవంబరు ఒకటవ తేదీననే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించినది. మన ఏలూరూ వారి హైదరాబాదూ ఒకే రాష్ట్రములోనికి వచ్చిన నెల తిరిగిన మూడు దినములకు మెల్‌బోర్న్ సెమీఫైనలు జరిగినది.

1960 రోము ఒలింపిక్ క్రీడలలో మన జట్టు మొదటి దశ దాటలేదు. అయినను హంగరీతో ఒకటికి రెండుగా మాత్రమే ఓడినది. ఫ్రాన్సుతో ఒకటికి ఒకటిగా సమముగా నిలిచినది. చివరి పది నిమిషములలో ఫ్రాన్సు సమము చేయకున్నచో అది గెలిచిన ఆటయే. ఆ చివరి ఇరువది నిమిషముల జబ్బు పూర్తిగా కుదురలేదన్నమాట. ఈ రోము యాత్రలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన సంగతి వేరొకటి. రహీం సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టున సభ్యుడు. మూడు ఆటలు జరిగినను హకీంకు మైదానమున కాలు పెట్టే అవకాశము రాలేదు. తండ్రి శిక్షకుడుగా నున్న జట్టులో కొడుకు ఒడ్డున కూర్చుండి తిరిగివచ్చినాడు. దీనిపై మేము వ్యాఖ్యానించము. మన కళాశాలలలోని ఎంపిక సంఘముల వారు చదువవలెనని మాత్రమే వ్రాసినాము. హకీం తదనంతరము వైమానిక దళమున ఉద్యోగము చేసి, అంతర్జాతీయ స్థాయి రిఫరీగా పేరుపొంది, 2021 ఆగస్టులో గతించినారు.

1962 నాటికి రహీం సాహెబు ఊపిరితిత్తులను క్యాన్సరు పట్టినది. జీవితమంతా ఇతరుల ఊపిరిని పెంచిన మనిషికి తన ఊపిరి కరవైనది. ఆ స్థితిలోనే ఆయన జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసికొనిపోయినారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా రెండు గోలులతో ఓడించినది. తరువాత థాయిలండుపై నాలుగు ఒకటి, జపానుపై రెండు సున్న. థాయిలండు ఆటలో వెనుకవరుస వీరుడు జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఆ తలతో ఆయన వెనుక వరుసలో ఆడుట ప్రమాదకరము. రహీం సాహెబు ఆయనను ఇంటికి పంపలేదు, ఒడ్డున కూర్చుండబెట్టలేదు. ముందు వరుసలో దాడివానిగా నిలిపినారు. జర్నయిల్ ఒకప్పుడు కళాశాల దినములలో దాడివానిగా ఆడినవాడని ఆయన ఎరుగుదురు. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండుగా ఓడించినప్పుడు చునీ గోస్వామి రెండు, కట్టు కట్టిన తలతో జర్నయిల్ ఒకటి కొట్టినారు.

తుదిపోటీ సెప్టెంబరు 4వ తేదీ. ఎదుట మరల దక్షిణ కొరియా. స్టేడియమున సుమారు లక్షమంది ప్రేక్షకులు. వారు మన ఎడల మండిపడుచుండిరి. ఇజ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయనందుకు మన దేశపు క్రీడాధికారి గురుదత్ సోంధీ ఇండోనేసియాను విమర్శించుట ఆ కోపమునకు కారణము. భారత రాయబార కార్యాలయముపై దాడి జరిగినది. మన జాతీయగీతము వినిపించే వేళ కూడ కేకలు ఆగలేదు. అట్టి జనసముద్రమున మనవారిని ఉత్సాహపరచిన గొంతులు పాకిస్థాను హాకీ ఆటగాండ్రవని ఆనాటి వీరులు వృద్ధాప్యమున తలచుకొనుచుండిరి. ముందురాత్రి గురువు తమను పిలిచి, తనకీ ఒక్క కానుక కావలెనని కోరినారని కూడ వారు చెప్పుచుండిరి. కొరియా వారి ఎత్తు బంతులకు తగిన ఎత్తరియని గోలులో తంగరాజును మరల నిలిపినారు.

ఆట మొదలైన పదిహేడవ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ, మరి మూడు నిమిషములకు జర్నయిల్ సింగ్ గోలు చేసినారు. అచ్చటినుండి డెబ్బది నిమిషములు మిగిలినవి. అనగా, ఒకనాటి మన దేశపు పోటీ యెంత పొడుగో అంత. లక్షమంది కేకల నడుమ, గాయపడిన దేహములతో, ఆ కాలమంతా కాచుకొనవలెను. చివరి అయిదారు నిమిషములలో కొరియా ఒక గోలు తీర్చినది. సమము చేయలేకపోయినది. రెండింటికి ఒకటిగా మన జట్టు గెలిచినది. హెల్సింకీలో కూలిన ఊపిరి జకార్తాలో తుదివరకు నిలిచినది. మా దృష్టిలో ఆ స్వర్ణపతకపు తూకము ఆ డెబ్బది నిమిషములలోనే యున్నది, రెండు గోలులలో కాదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబు పరమపదించినారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆ తరువాతి చరిత్ర త్వరగా చెప్పదగినది. 1964లో ఆసియా కప్పు పోటీలో మన జట్టు రెండవ స్థానమున నిలిచినది. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీను నాయకత్వమున కంచు పతకము వచ్చినది. ఆసియా స్వర్ణము 1962 తరువాత తిరిగి రాలేదు. 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలులో అడుగిడలేదు. ఉత్తమ శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారము 1985లో మొదలైనది. అప్పటికాయన పోయి ఇరువదిరెండేండ్లు. 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చిన తరువాత మా విద్యార్థులలో పలువురు ఆయన పేరు మొదటిసారిగా విన్నారు. సినిమా వలన తెలిసినందుకు సంతోషమే. అయితే సినిమాలో జకార్తా కనబడినంతగా చాదర్‌ఘాట్ పాఠశాల కనబడదు. అది సహజము. ఎడమకాలి పోటీలను చూచుటకు టిక్కెట్టు ఎవరు కొందురు?

ఒక్కడు పోగా ఇంతటి నిర్మాణము ఎందుకు నిలువలేదని మేము పలుమారులు చర్చించుకొన్నాము. కలకత్తా క్లబ్బుల వారు మంచి ఆటగాండ్రను తీసికొనిపోయినారని కొందరందురు. అది నిజమే. హైదరాబాదు నుండి కలకత్తాకు మన ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా సాగే రైలుమార్గమున ఎందరో ఆటగాండ్రు బ్రతుకుతెరువునకై తరలిపోయినారు. బలరాముడును అట్లే వెడలినాడు. క్రికెట్టు జనాదరణ మైదానములను మింగినదని మరికొందరందురు. అదియును కొంత నిజమే. అయితే మాకు తోచిన కారణము వేరు. రహీం సాహెబు పద్ధతి ఆయన తలలోను, శిష్యుల కాళ్లలోను నిలిచినదే గాని, పాఠశాలల నిత్యకృత్యములలో నాటుకొనలేదు. పోలీసు జట్టునకు కప్పులు వచ్చినంతకాలము అందరూ కప్పులనే చూచినారు. ఆ కప్పుల క్రింద పదేండ్ల పిల్లలకై నడచిన ఎత్తు నియమపు పోటీలను ఎవరూ చూడలేదు. చెరువులో చేప పెరుగుటకు పిల్లచేపను వదలవలెనని కొల్లేటి వారికి ఎవరూ చెప్ప నక్కరలేదు. మన క్రీడాసంఘములకు మాత్రము చెప్పవలసి వచ్చినది.

ఈ జిల్లాలో ఫుట్‌బాలు కంటె కబడ్డీ, వాలీబాలు ఆటలకే ఆదరణ యెక్కువ. అది తప్పు కాదు. దమ్ము ఏ ఆటకైనను ఒక్కటియే. గత వర్షాకాలమున మా క్రీడారంగమున పదునైదు దినములు నీరు నిలిచినది. ఆ దినములలో వరండాలో, సిమెంటు గచ్చుమీద, కొల్లేటి లంకల నుండి వచ్చే నలుగురు విద్యార్థులు ఎడమకాలితో గోడకు బంతిని కొట్టుచుండగా చూచినాము. చలనచిత్రము చూచి వచ్చినారట. నూరు లెక్కించవలెనని వారి పంతము. అరువది దాటక మునుపే బంతి మాటిమాటికి కాలువలో పడుచుండెను. మరుసటి దినమున ఇద్దరే వచ్చిరి. ఆ ఇద్దరు ఇప్పటికిని వచ్చుచున్నారు.